కట్టలో ఇరవైమూడో మనిషి

ఏడేళ్ళపాటు ప్రతి ఉదయం అయిదుంపావుకి ఆ డ్రైవరు ఇంకొకడి మొహంలోకి ఊపిరి వదిలాడు.

డయాలసిస్ సెంటర్ వెనక రేకుల షెడ్డులో మూడు వ్యాన్లు, ముగ్గురు డ్రైవర్లు. తాళాలిచ్చే సూపర్‌వైజరు మిగతా ఇద్దరికీ దూరం నుంచే తాళాలు విసిరేవాడు. ఇతని వంతు వచ్చేసరికి మాత్రం తాళం గుప్పిట్లో బిగించి, మొహం ముందుకు చాపి, "హా అను" అనేవాడు. ఇతను నోరు తెరిచి 'హా' అనేవాడు. సూపర్‌వైజరు ముక్కు ఎగబీల్చి, పెద్ద డాక్టరులా ఓ క్షణం ఆలోచించి, "సరే, పో" అనేవాడు.

అలా చెయ్యాలని ఏ కాగితం మీదా లేదు. మిగతా ఇద్దరికీ ఆ పరీక్ష లేదు. మొదట్లో వాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. తర్వాత నవ్వడం మానేశారు. నవ్వినన్నాళ్ళూ అది ఒక వింత. నవ్వడం మానేశాక అది ఆ షెడ్డులో మామూలు పనైపోయింది, టైర్లలో గాలి చూసుకోవడం లాగా. వెనకాల అతనికి 'హా డ్రైవరు' అని పేరు కూడా పెట్టారు. అతను ఎదురు చెప్పలేదు. జలుబు చేస్తే దగ్గుమందు తాగడం మానేశాడు. గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్ మానేశాడు. బాగా మగ్గిన పండు తింటే నోరు వాసనొస్తుందని ఎవరో అన్నారని, పొద్దున్నే అరటిపండు తినే అలవాటు కూడా వదిలేశాడు. ఒంటరి మనిషి. భార్య పోయి అప్పటికి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఇంట్లో ఏది మానేసినా ఎందుకు మానేశావని అడిగే దిక్కు లేదు.

అతను జన్మలో మందు ముట్టనివాడని గొప్ప చెప్పడానికి కాదు ఇదంతా. పెళ్ళికి ముందు రెండు మూడుసార్లు ముట్టాడు. తలనొప్పి తప్ప ఏమీ మిగల్లేదని మానేశాడు. పోలీసులకి పట్టుబడ్డ రోజున మాత్రం చుక్క కూడా తాగలేదు. అతని గోడు అంతవరకే.

ఆ రోజు జరిగింది ఇది. కింది దవడలో పన్ను మూడు రోజులుగా ప్రాణం తోడేస్తోంది. సాయంత్రం డ్యూటీ దిగాక సెంటర్‌లోని కాంపౌండరు జాలిపడి, దూదిని స్పిరిట్‌లో ముంచి పంటి సందులో కుక్కాడు. "గంటసేపు నోరు మెదపకు, రేపు డాక్టరుకి చూపించుకో" అన్నాడు. డ్రైవరు బుగ్గ పట్టుకుని తన బండి మీద ఇంటికి బయల్దేరాడు. పొద్దు వాలుతోంది. పెద్ద వంతెన దిగగానే పోలీసులు ఆపి, మిషన్ గొట్టం నోట్లో పెట్టి ఊదమన్నారు. ఊదాడు. మిషన్ కూత పెట్టింది.

"పన్ను సార్... స్పిరిట్ పెట్టారు సార్" అన్నాడు, దూది నోట్లోనే ఉండగా.

"రోజుకి పదిమంది చెప్తారయ్యా పన్ను సంగతి. ఈ ఊళ్ళో మంచి పళ్ళున్నవాడు ఒక్కడూ లేడు" అన్నాడు పోలీసు.

నవ్వారు. ఫోటో తీశారు. బండి తీసేసుకున్నారు. కానీ ఆ పోలీసుల్లోనే ఒకడు, వయసులో పెద్దవాడు, "రక్తపరీక్ష అడుగు, నీకు హక్కుంది" అని చెవిలో వేశాడు. ఇతను అడిగాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం తీశారు. నెల తర్వాత కోర్టులో ఒకే రోజు నలభై ఒక్కమందిని వరసగా నిలబెట్టారు. పన్ను ఇంకా పీకించుకోలేదు, బుగ్గ వాచే ఉంది. ఇతని చేతిలో పెట్టిన చీటీ మీద ఇరవైమూడు అని ఉంది. పేర్లు కాదు, నంబర్లే పిలిచారు. చాలామంది తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి పోయారు. ఇతని నంబరు వచ్చినప్పుడు జడ్జి ఒక కాగితం చూసి, "రక్తంలో ఏమీ లేదు. నువ్వు వెళ్ళొచ్చు" అన్నాడు.

అక్కడే చేశాడు అతను ఒక పొరపాటు. బల్ల దగ్గరున్న గుమాస్తా తలెత్తకుండా, "ఆర్డరు కాపీ కావాలా?" అని అడిగాడు. డ్రైవరు ఆ కాగితం వైపు తొంగిచూశాడు. పైన లావు అక్షరాలతో 'మద్యం సేవించి వాహనం నడిపిన కేసు' అని ఉంది. అలాంటి మాట రాసున్న కాగితం ఇంట్లో పెట్టుకోవడం ఏమిటి, రేపెవరి కంటైనా పడితే? "వద్దండీ" అన్నాడు. ఒక దండం పెట్టి బయటికొచ్చాడు. తనని కాపాడే ఒకే ఒక్క కాగితాన్ని సిగ్గుపడి వదిలేసుకున్నాడు. చదువుకున్నవాళ్ళం మనకిది వింతగా ఉంటుంది. ఆ వరండాలో నిలబడ్డవాణ్ణి అడిగితే వింతేమీ లేదు.

కోర్టు వదిలేసింది గానీ పోలీసుల వెబ్‌సైటు వదల్లేదు. అందులో 'తాగి నడుపుతూ పట్టుబడ్డవారు' అని ఒక జాబితా. ఫోటో, పేరు, చిరునామా, బండి నంబరు, మిషన్ చూపించిన అంకె. చివరి గడి పేరు 'కోర్టు ఫలితం'. అతని వరసలో ఆ గడి ఖాళీ. ఫోన్‌లో పేరు కొడితే ఎవరికైనా వచ్చేస్తుంది. ఖాళీ గడిని చూసి 'ఫలితం తెలీదు' అనుకునేవాడు వందలో ఒక్కడుంటాడేమో. మిగతావాళ్ళకి ఫోటో చాలు.

ముందు సూపర్‌వైజరు చూశాడు. తర్వాత సందులో అందరూ చూశారు. టీ కొట్టు బెంచీ మీద అతను కూర్చుంటే పక్కవాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచేవాళ్ళు. ఎవరూ మాట అనలేదు. మాట అంటే జవాబు చెప్పే వీలుండేది. అదే ఊళ్ళో ఉన్న చెల్లెలు, అంతవరకూ ఇద్దరు పిల్లల్నీ అన్న బండి మీదే ట్యూషన్‌కి పంపే చెల్లెలు, ఒక రోజు ఫోన్ చేసి, "ఎందుకన్నయ్యా నీకు శ్రమ, ఇకనించి బస్సులో పంపిస్తాలే" అంది. "శ్రమేముందమ్మా" అన్నాడు. "బస్సు ఇంటి ముందే ఆగుతుంది కదా" అంది. అతను "సరేలే" అన్నాడు.

అలా ఏడేళ్ళు. ఇంట్లో ఒక కుర్చీ, ఒక మంచం, రేడియో. వ్యాన్ ఎక్కే ఆరుగురు రోగులే అతని మనుషులు. డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు వెళ్ళాలి, నాలుగేసి గంటలు మిషన్‌కి అతుక్కుని పడుకోవాలి, వచ్చేటప్పుడు ఒంట్లో ఓపికుండదు. ప్రతి రోగికీ సూదులు గుచ్చే చెయ్యి ఒకటుంటుంది, దాన్ని పట్టుకుని లాగకూడదు, నొక్కకూడదు. ఆరుగురిలో ఎవరిది కుడో ఎవరిది ఎడమో అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఎక్కించేటప్పుడు రెండోవైపు చేరి తన చెయ్యి అందించేవాడు. గతుకులొస్తే వ్యాన్‌ని గిన్నెలో నీళ్ళు తొణక్కుండా మోసినట్టు దాటించేవాడు. మాట్లాడేటప్పుడు మాత్రం మొహం పక్కకి తిప్పుకునేవాడు. ఎవరో వాసన చూస్తున్నారన్న అనుమానం అప్పటికి అతని ఒంట్లో భాగమైపోయింది.

అంతా అలాగే సాగిపోయేదేమో. కానీ ఈ ఏడాది సెంటర్ వ్యాన్ల కాంట్రాక్టు కొత్త కంపెనీ చేతికొచ్చింది. వాళ్ళు డ్రైవర్లందరి పేర్లూ వెతికించారు. ఇతనికి ఒక ఉత్తరం ఇచ్చారు. మీ మీద తాగి నడిపిన కేసు కనిపిస్తోంది, అది ఎలా ముగిసిందో చూపించే కోర్టు కాగితం పదిహేను రోజుల్లో తేవాలి, లేకపోతే డ్యూటీ ఉండదు. కంపెనీ మేనేజరమ్మ చెడ్డమనిషేం కాదు. "నాకూ పైనవాళ్ళున్నారండీ. ఉన్న కాగితం చూపించండి, చాలు" అంది.

ఉన్న కాగితం. ఉంది, ఎక్కడో. అది ఎక్కడుందో కనుక్కోవడమే మిగిలింది.

రోగులు మిషన్ల మీద ఉన్నప్పుడు అతనికి మూడున్నర గంటల ఖాళీ. మొదటి రోజు స్టేషన్‌కి వెళ్ళాడు. కంప్యూటర్ ముందున్న కానిస్టేబులు చూసి, "ఇదిగో, ఇదీ నీ కేసు నంబరు" అని రాసిచ్చాడు.

"మరి ఫలితం గడి ఖాళీగా ఉందేంటి సార్?"

"పట్టుకోవడం వరకే మాది. తర్వాతి సంగతి కోర్టుది. వాళ్ళు పంపిస్తే మేం నింపుతాం."

"పంపలేదా?"

"పంపుంటే నింపేవాళ్ళం కదా."

మర్నాడు కోర్టు. కౌంటరు దగ్గర గంటన్నర వరసలో నిలబడి నంబరు చూపిస్తే, లోపలున్న గుమాస్తా, "ఇది పోలీసుల నంబరు. మా నంబరు వేరే ఉంటుంది" అన్నాడు. పేరు కొట్టి చూశాడు. "మీ పేరు మీద కేసే లేదే."

డ్రైవరు గుండె ఒక్కసారి తేలికైంది. "అయితే ఆ మాటే రాసివ్వండి సార్, కేసు లేదని."

"ఉన్నదానికి కాపీ ఇస్తాం గానీ లేనిదానికి ఎక్కడినించి తెచ్చిస్తాం?" అన్నాడు గుమాస్తా. వరసలో వెనకున్నవాళ్ళు నవ్వారు. గుమాస్తాకే కొంచెం ఇబ్బందనిపించినట్టుంది, గొంతు తగ్గించాడు. "అయిదేళ్ళ కంటే పాతవి కంప్యూటర్‌లో లేవు. కింద రికార్డు రూముకి వెళ్ళండి. అక్కడ పెద్దావిడ ఉంటుంది, ఆవిణ్ణి అడగండి."

రికార్డు రూము మెట్ల కింద ఉంది. కిటికీలు లేవు, ట్యూబులైటే దిక్కు. నేల నుంచి కప్పు దాకా ఇనప రాకులు, వాటిల్లో ఎర్ర గుడ్డల్లో కట్టిన కట్టలు. దుమ్ముకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఒక పెద్దావిడ స్టూలు మీద కూర్చుని సూదీదారంతో కట్టలు కుడుతోంది. అతను ఎప్పట్లాగే మొహం పక్కకి తిప్పి సంగతి చెప్పాడు.

"గోడకి చెప్తున్నావా నాకు చెప్తున్నావా?" అంది ఆవిడ. "ఇటు తిరుగు బాబూ. చెవులు సరిగ్గా పనిచెయ్యవు, మొహం చూస్తే గానీ తెలీదు."

అతను తిరిగి మళ్ళీ చెప్పాడు. ఆవిడ సూది గుడ్డలో గుచ్చి పెట్టింది.

"తాగి నడిపిన కేసులు మనిషికొకటి చొప్పున కట్టరు. పూటకొకటి కడతారు. ఆ పూట వరసలో అందరికంటే ముందు నిలబడ్డవాడి పేరే కట్ట పేరు. 'ఫలానావాడు, ఇంకా నలభైమంది' అని రాస్తారు. నీ పేరు ఎక్కడా ఉండదు. నువ్వు ఆ 'ఇంకా'లో ఉన్నావు."

"తేదీ గుర్తుందమ్మా నాకు."

"తేదీల రిజిస్టరు పైన పైపు పగిలినప్పుడు తడిసి ముద్దయింది. పేర్ల రిజిస్టరు ఒక్కటే మిగిలింది. అర్జీలో మొదటి మనిషి పేరు రాస్తే కట్ట విప్పుతాను. పేరు లేకుండా విప్పితే రేపు నన్ను విప్పుతారు. ఆ ఏడాదివే మూడొందల కట్టలున్నాయి, చూడు." ఆవిడ వేలు చూపించిన వైపు అతను చూశాడు. అన్నీ ఒకే ఎరుపు. "నీ ముందు నిలబడ్డవాళ్ళలో మొట్టమొదటివాడు ఎవడో గుర్తు తెచ్చుకో. పేరు తెస్తే గంటలో పని."

అతను ఆ రోజు వ్యాన్‌లో కూర్చుని ఆ వరండాని మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాడు. మొదటివాడు గుర్తొచ్చాడు. ఎందుకు గుర్తు రాడు, ఆ వరసని నవ్వించింది అతనొక్కడే. సన్నటి మనిషి, గోళ్ళ సందుల్లో నీలం రంగు. కోర్టు హాలు మీదున్న బోర్డు చూసి, "ఆ అక్షరాలు చూశావా గురూ, ఒక్కటీ నిటారుగా నిలబడలేదు. రాసినవాడు మనకంటే ఎక్కువ తాగుంటాడు" అన్నాడు. బోర్డులు రాసే పెయింటరు. తను రాసిన ప్రతి బోర్డుకీ కింద కుడి మూల తన పేరు రాసి పక్కన ఒక పిచ్చుక బొమ్మ వేస్తానని గొప్పలు చెప్పుకున్నాడు. పేరు చెప్పాడో లేదో గానీ పిచ్చుక మాత్రం డ్రైవరుకి గుర్తుండిపోయింది. పోలీసుల జాబితాలో తనతో పట్టుబడ్డవాళ్ళలో అతని ఫోటో లేదు, మిగతా రోజులవి వేల మసక మొహాలు.

అప్పటికి ఆరు రోజులు పోయాయి. మర్నాటి నుంచి అతను ఊరి బోర్డుల మూలలు వెతకడం మొదలుపెట్టాడు. కానీ చేతిలో స్టీరింగు ఉన్నవాడు పక్కలకి ఎంతని చూస్తాడు? పైగా ఏ వీధి చూసినా ఫ్లెక్సీలే. ఖాళీ దొరికిన గంటల్లో నడిచాడు, కాళ్ళు పీక్కుపోయేలా నడిచాడు. పాత బోర్డుంటే దాని మూల ఎండకి వెలిసిపోయుండేది, లేకపోతే దాని మీద ఇంకేదో కాగితం అంటించి ఉండేది. ఎనిమిదో రోజుకి కూడా పిచ్చుక జాడ లేదు.

తొమ్మిదో రోజు వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చునే టీచరమ్మ, ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, అడిగేసింది. "ఏంటి నాయనా, రోడ్డు చూడకుండా గోడలు చూస్తున్నావ్? గతుకుల్లో వేస్తున్నావ్ ఈ మధ్య."

ఆ మాట అతనికి గుచ్చుకుంది. గతుకులు. తన పని అదొక్కటే, అదీ చెడగొట్టుకుంటున్నాడు. వ్యాన్‌ని పక్కకి ఆపి, వెనక్కి తిరిగి, ఆరుగురికీ మొత్తం చెప్పాడు. పన్ను, దూది, మిషన్, ఇరవైమూడు, ఎర్ర కట్ట. ఏడేళ్ళలో అంత పొడుగు మాట అతని నోట్లోంచి రాలేదు.

చివరి సీట్లో కూర్చునే టైలరు కిటికీ వైపు తిరిగాడు. తర్వాతి ట్రిప్పు నుంచి టైలరు రెండో వ్యాన్‌కి మారిపోయాడు. "మా వాళ్ళు ఒప్పుకోవట్లేదు" అని సూపర్‌వైజరుతో చెప్పాడట. నాలుగేళ్ళు ఆ మనిషి ఎడమ చెయ్యి తగలకుండా కుడి చెయ్యి పట్టుకుని దింపాడు డ్రైవరు. ఆ రోజు దిగేటప్పుడు కూడా అలాగే దింపాడు.

టీచరమ్మ మాత్రం కళ్ళజోడు తుడుచుకుంది. "నువ్వు రోడ్డు చూడు. మూలలు మేం చూస్తాం. కుడివైపు వాళ్ళు కుడివి, ఎడమవైపు వాళ్ళు ఎడమవి. ఈ కిటికీలోంచి చూడ్డానికి ఏమీ లేదని ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని కూర్చున్నాం" అంది. అయిదుగురు రోగులు అయిదు కిటికీలు పంచుకున్నారు. పదకొండో రోజు తిరుగు ప్రయాణంలో, ఓపిక లేక తల వాల్చేసిన టీచరమ్మే వేలెత్తింది. లాండ్రీ షాపు. నీలం బోర్డు. కింద మూల, వేలి గోరంత పిచ్చుక.

లాండ్రీ యజమాని దారి చెప్పాడు. "బోర్డులెక్కడ రాస్తున్నాడండీ ఇప్పుడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. బస్టాండు వెనక బండ్లకి నంబర్ ప్లేట్లు రాస్తుంటాడు."

పెయింటరు పేవ్‌మెంటు మీద గొనె పరుచుకుని కూర్చున్నాడు. జుట్టు తెల్లబడింది. గోళ్ళలో ఈసారి నలుపు. డ్రైవరుని చూసి గుర్తుపట్టలేదు. ఇరవైమూడు అన్నాక పట్టాడు.

"బుగ్గ వాచిపోయినాయన! పన్ను తగ్గిందా?"

"పీకించేశాను."

"ఏడేళ్ళ తర్వాత ఆ మాట చెప్పడానికొచ్చావా గురూ?"

డ్రైవరు పక్కన కూర్చుని సంగతంతా చెప్పాడు. పెయింటరు బ్రష్ టిన్నులో పెట్టేశాడు. గోళ్ళలో నలుపు గీక్కుంటూ కూర్చున్నాడు. పేరు ఇవ్వాలంటే జంకుతున్నాడని తెలుస్తూనే ఉంది. ఎవరైనా జంకుతారు. మనం పాతిపెట్టిన తప్పుని ఇంకొకడొచ్చి, దాన్నే తవ్వి నన్ను బయటికి లాగు అంటే?

"నేను తాగానయ్యా ఆ రోజు. బాగా తాగాను. ఆపకపోతే ఎవడినో గుద్దేవాణ్ణి. నాకు పడిన శిక్ష న్యాయమే. దాన్ని కాదనను" అన్నాడు చివరికి. "కానీ నలభైమంది తాగుబోతుల్ని నా పేరు మీద కట్టి గూట్లో పెట్టారా? మా నాన్నకి తెలిస్తే పేరు వెనక్కి అడిగేవాడు."

ఇద్దరూ నవ్వారు. డ్రైవరు నవ్వి ఎన్నాళ్ళైందో, దవడ నొప్పెట్టింది.

పెయింటరు ఒక పాత నంబరు ప్లేటు ముక్క తీసి, వెనకవైపు తుడిచి, తన పూర్తి పేరు, తండ్రి పేరు రాసిచ్చాడు. పనికిరాని రేకు ముక్క మీద కూడా అక్షరాలు నిటారుగా నిలబడ్డాయి. "ఒక్క మాట" అన్నాడు లేవబోతుంటే. "నీకు అన్యాయం జరిగింది సరే. ఆ వరసలో నీలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో చూశావా?"

చూడలేదు. ఆ ఆలోచనే రాలేదు అతనికి.

పన్నెండో రోజు రికార్డు రూములో ఆ పెద్దావిడ పేర్ల రిజిస్టరు తిప్పి, రాకు ఎక్కి, కట్ట దింపింది. గుడ్డ విప్పుతుంటే దుమ్ము లేచింది. ఆర్డరు నాలుగు పేజీలు. ముప్పై తొమ్మిదిమంది గురించి మూడుంముప్పావు పేజీలు, మిగిలిన పావులో ఒక్క వాక్యం. ఆవిడే వేలు పెట్టి చదివింది. "ఇరవైమూడు, ముప్పై ఒకటి నంబర్ల వ్యక్తుల రక్తంలో మద్యం లేదని ఆసుపత్రి నివేదిక తెలుపుతున్నందున, వీరిద్దరినీ కేసు నుంచి తొలగించడమైనది."

"వీరిద్దరినీ" అన్నాడు డ్రైవరు.

"అవును బాబూ. ఇద్దరు."

ముద్ర వేసిన కాపీ మర్నాడు చేతికొచ్చింది. గడువుకి ఇంకా రెండు రోజులుంది. మేనేజరమ్మ చదివి, ఒక ప్రతి ఫైలులో పెట్టుకుని, "మీ డ్యూటీ మీదే" అంది. సూపర్‌వైజరు కూడా చదివాడు, రెండుసార్లు. "ఇది ముందే తెచ్చుంటే సరిపోయేది కదోయ్" అన్నాడు. తనవైపు నుంచి తప్పేమీ లేనట్టు, ఏడేళ్ళూ ఆలస్యం చేసింది ఇతనే అన్నట్టు. టైలరు మాత్రం మళ్ళీ ఆ వ్యాన్ ఎక్కలేదు.

ఆ ఆదివారం డ్రైవరు కాపీ మడిచి జేబులో పెట్టుకుని చెల్లెలింటికి వెళ్ళాడు. ఆమె వంటింట్లో గిన్నెలు తోముతోంది. కాగితం చేతికిస్తే తడి చెయ్యి చీరకి తుడుచుకుని చదివింది. ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు అన్నయ్యా, నువ్వు తాగలేదని. నీ సంగతి నాకు తెలీదా?"

"తెలిసే... పిల్లల్ని పంపించలేదా?"

ఆమె తల వంచుకుంది. "అత్తవారింట్లో ఫోన్‌లో ఫోటో చూపించారు. ఏం చెప్పను వాళ్ళకి? నా దగ్గర ఏముంది చూపించడానికి?"

అతనికి కోపం రాలేదు. వచ్చుంటే బావుండేది. ఏడేళ్ళుగా ఆమె నమ్మలేదనుకుని బాధపడ్డాడు. నమ్మింది, నమ్మీ దూరం పెట్టింది. పిల్లలు పెద్దవాళ్ళైపోయారు, ట్యూషన్లు అయిపోయాయి. పెద్దది వచ్చి "బావున్నారా మావయ్యా" అని పలకరించి, ఫోన్ చూసుకుంటూ లోపలికి పోయింది. టీ తాగి వచ్చేశాడు.

ఇంటికొచ్చి ఫోన్‌లో ఆ జాబితా తెరిచాడు. తన గడి ఖాళీగానే ఉంది. ఆ నెలలోనే అది నింపమని స్టేషన్‌లో అర్జీ పెట్టాడు, కాపీ జతచేశాడు. మూడు నెలలైంది, జవాబు లేదు. అయితే ఇప్పుడతను చూస్తున్నది తన వరస కాదు. అదే జాబితాలో కిందికి జరిపితే తనతోపాటు ఆ రోజున పట్టుబడ్డవాళ్ళలో ఇంకొక ఫోటో ఉంటుంది. మెడకి మఫ్లరు చుట్టుకున్న ముసలాయన. వరసలో దగ్గుతూ నిలబడ్డాడని డ్రైవరుకి లీలగా గుర్తు. ఆర్డరు కాపీలో ఆ పేరు పక్కన నంబరు ముప్పై ఒకటి. ఆ గడీ ఖాళీయే. అతనికి కాపీ ఉందో లేదో, అసలు తనని విడిచిపెట్టారని నలుగురికీ చెప్పుకోగలిగాడో లేదో, ఉన్నాడో పోయాడో. జాబితాలో ఉన్న చిరునామాకి డ్రైవరు రెండుసార్లు వెళ్ళొచ్చాడు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారన్నారు. ఎందుకని అడిగితే, "ఏమోనండీ, తాగుబోతు మనిషట" అన్నారు పక్కింటివాళ్ళు.

తాగి నడిపేవాణ్ణి ఆపొద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ఆపాలి, ఊదించాలి, తప్పు చేసినవాడి మీద కేసు పెట్టాలి. రోజూ రోగుల్ని రోడ్డు దాటించే ఆ డ్రైవరే అందరికంటే ముందు ఆ మాట అంటాడు. కానీ పట్టుకున్న రోజు ఫోటో పెట్టడానికి పట్టేది ఒక నిమిషం, విడిచిపెట్టిన మాట రాయడానికి ఏడేళ్ళు చాలకపోతే, అది జాబితా కాదు, శిక్ష. జడ్జి వెయ్యని శిక్ష.

కాబట్టి మీరు ఒక పని చెయ్యండి. ఇల్లు అద్దెకివ్వబోతూ, డ్రైవర్ని పెట్టుకోబోతూ, ఎవరి పేరైనా ఫోన్‌లో కొట్టినప్పుడు, ఫోటో దగ్గర ఆగిపోకండి. ఆ మనిషినే అడగండి, కేసు ఎలా ముగిసిందని. కోర్టుకి వెళ్ళి పేరు అడగండి. పేరు మీద లేదంటే, ఆ పూట వరసలో మొదట ఎవరున్నారని అడగండి. మీ మీదే కేసుండి కొట్టేస్తే, ఆ రోజే కాపీ తీసుకోండి, పైన ఏ మాట రాసున్నా సిగ్గుపడకండి. ఇంకా ఓపికుంటే, మీ ఊరి పోలీసుల జాబితా తెరిచి చివరి గడి చూడండి. ఖాళీ గడులెన్నో లెక్కపెట్టి, అవి నింపమని ఒక కాగితం రాసి, పదిమంది చేత సంతకం పెట్టించి, స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్కడు రాస్తే గూట్లో పడుతుంది. పదిమంది రాస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది.

మెడకి మఫ్లరు చుట్టుకుని, ఎవరింటి అరుగు మీదో ఒంటరిగా కూర్చుని దగ్గే ముసలాయన మీకెక్కడైనా కనిపిస్తే, పక్కన కూర్చుని అడగండి, ఆయన చీటీ మీద నంబరెంతో. ముప్పై ఒకటి అంటే, ఆయన విడుదలైన మాట ముద్రతో సహా మెట్ల కింద రికార్డు రూములో ఉందని చెప్పండి. ఎవరి పేరు మీద వెతకాలో పెయింటరు చెప్తాడు.